పెట్టుబడికి చిన్న అప్పు: లాభాపేక్ష లేని సంస్థ దగ్గర ఎలా తీసుకోవాలి? (విశాఖ చిరువ్యాపారులకు)

"బండి మీద పెట్టుబడికి ఇరవై వేలు కావాలి. బ్యాంకుకెళ్తే రేపు రా మాపు రా అంటున్నారు. ఫైనాన్స్ వాళ్లంటే భయం. సేవా సంస్థలు తక్కువ వడ్డీకి ఇస్తాయట కదా, ఎలా అప్లై చేయాలి?"

పూర్ణా మార్కెట్‌లో కూరగాయలమ్మేవాళ్లు, జాలరిపేటలో చేపల గంప మోసేవాళ్లు, మధురవాడలో ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేవాళ్లు, అందరూ అడిగేది ఇదే. అందుకే విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇది 10 వేల నుంచి 50 వేల దాకా అప్పు కావాల్సినవాళ్ల కోసం. అంతకు మించి కావాలంటే దారి వేరు.

మొదలుపెట్టే ముందు రెండు సంగతులు.

ఒకటి, లాభాపేక్ష లేని సంస్థ అంటే వడ్డీ లేని సంస్థ కాదు. అది కూడా చాలావరకు బ్యాంకుల దగ్గరో, దాతల దగ్గరో డబ్బు తెచ్చి మీకిస్తుంది. ఆఫీసు అద్దె, వసూలుకు తిరిగే మనిషి జీతం అందులోంచే రావాలి. మిగిలిన లాభాన్ని వాటాదారులు పంచుకోరు, అంతవరకే తేడా. ఫోన్లో కివా అనే అమెరికా సంస్థ పేరు చూసి "సున్నా వడ్డీ అని రాసుంది" అని అడిగేవాళ్లున్నారు. 2005లో మొదలైన ఆ సంస్థలో డబ్బు పెట్టే దాతలు వడ్డీ తీసుకోని మాట నిజమే. కానీ అమెరికా బయట ఆ డబ్బు స్థానిక సంస్థల ద్వారా చేరుతుంది, ఆ స్థానిక సంస్థ తన ఖర్చులకు సాధారణంగా వడ్డీ వేస్తుంది. మనం ఇక్కడి నుంచి ఆ వెబ్‌సైట్‌లో నేరుగా అప్పుకు దరఖాస్తు పెట్టడానికి లేదు.

రెండు, సేవా సంస్థ ఇచ్చింది కాబట్టి కట్టకపోయినా ఊరుకుంటారని ఎవరైనా చెబితే నమ్మకండి. కట్టని వాయిదా క్రెడిట్ రిపోర్టులో (మన అప్పుల చిట్టాలో) ఎక్కితే రేపు బ్యాంకు కూడా ముఖం చాటేస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆధార్ (ఫోన్ నంబరు లింకై ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది)
- పాన్ కార్డు. లేకపోతే పాన్ లేదని రాసిచ్చే ఫారంతో సరిపోతుందేమో సంస్థను అడగండి
- మీ పేరు మీదున్న బ్యాంకు పాస్‌బుక్, ఆరు నెలల ఎంట్రీలు కొట్టించి
- రైస్ కార్డు లేదా ఓటరు కార్డు, చిరునామా కోసం
- అద్దె ఇల్లయితే కరెంటు బిల్లు జిరాక్సు, ఓనరు ఫోన్ నంబరు
- వీధి వ్యాపారులైతే జీవీఎంసీ ఇచ్చిన గుర్తింపు కార్డు లేదా వెండింగ్ సర్టిఫికెట్
- ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు పత్రం). జీఎస్టీ, పాన్ లాంటివి లేని చిన్న వ్యాపారాలకు ఉద్యమ్ అసిస్ట్ అని వేరే ఏర్పాటుంది. రెండూ ఉచితమే, రెండు వేలిస్తే చేయిస్తాననేవాడికి దండం పెట్టండి
- మిషనో, ఫ్రిజ్జో, తోపుడుబండో కొనడానికైతే షాపువాళ్లిచ్చిన కొటేషన్
- మీ వ్యాపారం దగ్గర మీరు నిలబడి తీయించుకున్న ఫోటో
- ఒక నోట్‌బుక్, పెన్ను. ఇవి ఎందుకో మొదటి మెట్టులో చెబుతాను

పేర్ల విషయంలో కాస్త ఆగండి. దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌బుక్‌లో అసలు ఇంటిపేరే లేదు. లేదంటే ఒకచోట "అప్పలనర్సమ్మ", ఇంకోచోట "అప్పల నరసమ్మ", మూడోచోట ఉత్త "నర్సమ్మ". మనకు మనిషి ఒకరే, కంప్యూటరుకు ముగ్గురు. అప్పు అడగడానికి వెళ్లేలోపే ఆధార్‌లో ఎలా ఉందో మిగతా రెండూ అలా మార్పించుకోండి. ముందు పాస్‌బుక్ మార్పించండి, డబ్బు పడేది అందులోనే.

1. వారం రోజుల లెక్క రాయండి

"రోజుకెంత మిగులుతుంది?" అంటే చాలామంది రోజు అమ్మకం చెబుతారు. అమ్మకం వేరు, మిగులు వేరు. ఏడు రోజులపాటు రాత్రి పడుకునే ముందు నోట్‌బుక్‌లో ఇలా రాయండి. కంచరపాలెంలో ఒక ఇడ్లీ బండి అనుకుందాం:

అమ్మకం 2,400
సరుకు, నూనె, గ్యాసు 1,500
ప్లేట్లు, కవర్లు, నీళ్ల డబ్బాలు 120
కుర్రాడి కూలి 300
మిగిలింది 480
అందులో ఇంటికి తీసింది 350
చేతిలో నిలిచింది 130

ఇందులో అందరూ మర్చిపోయేవి మూడు: గ్యాసు సిలిండరు (నెలకోసారి కొంటాం కాబట్టి రోజు లెక్కలోకి రాదు, రోజులతో భాగించి వేయండి), ఇంట్లోవాళ్లు తిన్న సరుకు, అరువిచ్చి రాని డబ్బు. ఫోన్‌పేలో వచ్చినది చేతిలో కనబడదు కాబట్టి దాన్నీ విడిగా రాసుకోండి.

సరిచూసుకోవడం ఎలాగంటే, ఏడో రోజు రాత్రి చేతిలో, ఖాతాలో నిజంగా ఉన్న డబ్బు లెక్కేయండి. మొదటి రోజు పొద్దున్న ఉన్నదానికి ఏడు రోజుల "చేతిలో నిలిచింది" కలిపితే దాదాపు అంతే రావాలి. వంద, రెండు వందలు అటూ ఇటూ పర్లేదు. వెయ్యి తేడా వచ్చిందంటే ఏదో ఖర్చు రాయడం లేదన్నమాట. ఇంకో వారం రాయండి.

2. ముందు వాయిదా తేల్చుకోండి, ఆ తర్వాతే అప్పు మొత్తం

ఈ మెట్టు ఒక్కటి సరిగ్గా చేస్తే మిగతావి తేలిక. అందరూ "నాకు 30 వేలు కావాలి" అని మొదలుపెడతారు. మీరు "గడ్డు నెలలో కూడా నేను ఎంత కట్టగలను?" దగ్గర మొదలుపెట్టండి.

గడ్డు నెల ఏదో మీకే తెలుసు. చేపలమ్మేవాళ్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. కార్తీక మాసంలో చికెన్ పకోడీ బండి దగ్గర ఈగలు తోలుకోవాల్సిందే. బీచ్ రోడ్డులో ముంతమసాలా అమ్మేవాళ్లకు అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజులు. అటువైపు చూస్తే, మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి చుట్టూ పూలు, కొబ్బరికాయలు, పసుపు కుంకుమ అమ్మేవాళ్లకు అదే పెద్ద సీజన్. వాళ్లకు మార్గశిరంలో వచ్చిన డబ్బు చూసి వాయిదా ఒప్పుకుంటే జ్యేష్ఠంలో నడ్డి విరుగుతుంది.

పైన చెప్పిన ఇడ్లీ బండికి వానాకాలంలో రోజుకు 60 మిగిలి, నెలలో 22 రోజులే బండి పెట్టారనుకోండి. 60 × 22 = 1,320. ఇదే హద్దు. నెల వాయిదా దీన్ని దాటకూడదు.

ఇప్పుడు వాయిదా నుంచి అప్పుకు రండి. చిన్న అప్పులకు ఏడాదికి 24 శాతం, తగ్గే బ్యాలెన్సు మీద (అంటే కట్టగా మిగిలిన అసలు మీదే వడ్డీ), అని లెక్కేస్తే ప్రతి 10,000కు నెల వాయిదా ఇలా ఉంటుంది:

12 నెలలైతే 946 (మొత్తం వడ్డీ 1,347)
18 నెలలైతే 667 (మొత్తం వడ్డీ 2,006)
24 నెలలైతే 529 (మొత్తం వడ్డీ 2,689)

అంటే 1,320 కట్టగలిగినవాళ్లు 12 నెలలకైతే 13 వేలు, మహా అయితే 14 వేల లోపు అడగాలి. 18 నెలలకైతే 19 వేలు. 30 వేలు ఇస్తామని సంస్థే ముందుకొచ్చినా వద్దనండి. వాళ్లివ్వగలిగింది వేరు, మీరు కట్టగలిగింది వేరు.

"అప్పు తెచ్చాక వ్యాపారం పెరుగుతుంది కదా, ఆ లాభం కలపరా?" అని అడుగుతారు. కలపను. పెరిగితే ముందుగానే తీర్చేయొచ్చు. పెరుగుతుందనే నమ్మకం మీద వాయిదా ఒప్పుకున్నవాళ్లే ఐదో నెలలో రోజువారీ ఫైనాన్స్ గుమ్మం ఎక్కుతారు. ఆ ఫైనాన్స్ సంగతి తెలిసిందే: పదివేలని రాసి ఎనిమిదిన్నర చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. చూడ్డానికి పదిహేను వందలే. కానీ మొదటి రోజు నుంచే అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి ఏడాది లెక్కకు తెస్తే వడ్డీ నూటికి నూరు దాటుతుంది.

3. మీ పేరు మీద ఇప్పటికే ఏమున్నాయో చూసుకోండి

సిబిల్, క్రిఫ్ హైమార్క్, ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్ అనే నాలుగు సంస్థలు మన అప్పుల చిట్టా ఉంచుతాయి. ఒక్కో దాని దగ్గర ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. కనీసం క్రిఫ్ హైమార్క్, సిబిల్ రెండూ తీయండి. స్మార్ట్‌ఫోన్ లేకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలతో తీయించండి, నెట్ సెంటర్‌లో తీయిస్తే ఓటీపీ మీరే టైపు చేయండి.

చూడాల్సినవి: తీరిపోయిన అప్పు ఇంకా నడుస్తున్నట్టు ఉందా, మీరు ఎప్పుడూ తీసుకోని అప్పు కనబడుతోందా, పక్కింటావిడ కోసం మీ పేరు మీద తీసుకున్నది ఉందా. ఈ మూడోదానికి మాత్రం మందు లేదు. "ఆమే కడుతోందండీ" అంటే సంస్థ వినదు, కాగితంలో ఉన్న పేరు మీది.

రిజర్వ్ బ్యాంకు కింద ఉన్న సంస్థలకు 2022 ఏప్రిల్ నుంచి ఒక నిబంధన ఉంది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు మైక్రోఫైనాన్స్ అప్పు. ఆ కుటుంబం అన్ని అప్పులకూ కలిపి కట్టే నెల వాయిదాలు ఆదాయంలో సగం దాటకూడదు. నెలకు 18 వేలు వచ్చే ఇంటికి అన్ని వాయిదాలూ కలిపి 9 వేలు. సెల్‌ఫోన్ ఈఎంఐ, బంగారం అప్పు, భర్త బైకు వాయిదా అన్నీ ఇందులోకే వస్తాయి. దాచిపెట్టి ప్రయోజనం లేదు, రిపోర్టులో కనబడతాయి.

4. సంస్థ అసలుదో కాదో తేల్చుకోండి

ముందు మీ ఇంటి దగ్గరే అడగండి. వార్డు సచివాలయం, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా రిసోర్స్ పర్సన్ (మీరు ఆర్పీ అని పిలిచే ఆవిడే), డ్వాక్రా సంఘం లీడరు. మీ పేటలో నిజంగా అప్పులిచ్చే సంస్థ ఏదో, ఎలా వసూలు చేస్తుందో వీళ్లకు తెలుస్తుంది. ఆ తర్వాత ఆ సంస్థలో అప్పు తీసుకుని పూర్తిగా తీర్చిన ఇద్దరితో మాట్లాడండి. ఇంకా కడుతున్నవాళ్ల మాట కంటే తీర్చేసినవాళ్ల మాట పనికొస్తుంది.

కాగితాలపరంగా ఇవి చూడండి.

సంస్థ సెక్షన్ 8 కంపెనీ (కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేకుండా నమోదైన కంపెనీ) అయితే దాని రిజిస్ట్రేషన్ నంబరు, అంటే సీఐఎన్, 21 అక్షరాలు అంకెలుగా ఉంటుంది. దాని మధ్యలో "ఎన్‌పీఎల్" అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలుంటే లాభాపేక్ష లేని కంపెనీ. "పీటీసీ" అని ఉంటే మామూలు ప్రైవేటు కంపెనీ. బోర్డు మీద ఫౌండేషన్ అనో, సేవా అనో ఎంత పెద్దగా రాసినా ఆ మూడు అక్షరాలే సాక్ష్యం. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి ఉచితంగా చూడొచ్చు. అప్పు పత్రం మీద ఉన్న పేరు, బోర్డు మీద ఉన్న పేరు ఒకటేనా అనేది కూడా చూడండి. ముందు నిలబడేది ట్రస్టు, అప్పిచ్చేది వేరే ఫైనాన్స్ కంపెనీ అయ్యే సందర్భాలున్నాయి. అది తప్పు కాదు, కానీ మీకు తెలిసి జరగాలి.

సొసైటీ, ట్రస్టు అయితే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కాపీ అడగండి. ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) అని చెబితే రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందో లేదో చూడండి. 100 కోట్ల లోపు ఆస్తులుండి, డిపాజిట్లు తీసుకోకుండా మైక్రోఫైనాన్స్ చేసే సెక్షన్ 8 కంపెనీకి రిజర్వ్ బ్యాంకు రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి ఆ జాబితాలో లేనంత మాత్రాన దొంగ సంస్థ అనుకోనక్కర్లేదు.

వెనక్కి తిరిగి వచ్చేయాల్సిన గుర్తులు ఇవి: అప్పు ఇవ్వకముందే ప్రాసెసింగ్ ఫీజు అని ఫోన్‌పే చేయమనడం, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం, ఏటీఎం కార్డు పిన్‌తో సహా ఇమ్మనడం, ఆఫీసు ఎక్కడంటే వాట్సాప్ నంబరు మాత్రమే ఇవ్వడం. ఐదు నిమిషాల్లో అప్పు అనే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోలు అడుగుతుంటే అసలు ఇన్‌స్టాల్ చేయకండి. ఇప్పటికే డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు దొరకడం కష్టం.

5. దరఖాస్తు, ఇంటికి వచ్చి చూడటం

మొదటిసారి వెళ్లినప్పుడు ఫారం నింపేయకండి. వడ్డీ ఎంత, తగ్గే బ్యాలెన్సు మీదా ఫ్లాటా (ఫ్లాట్ అంటే గడువంతా మొదట తీసుకున్న మొత్తం మీదే వడ్డీ), గ్రూపు అప్పా విడిగానా, వాయిదా వారానికా నెలకా, ముందే తీరిస్తే ఏమైనా కోత ఉందా, వీటికి జవాబులు రాసుకుని ఇంటికి రండి. రిజర్వ్ బ్యాంకు కింద ఉన్న సంస్థలు మైక్రోఫైనాన్స్ అప్పును ముందే తీర్చినందుకు పెనాల్టీ వేయకూడదు.

తర్వాత ఫీల్డ్ ఆఫీసరు ఇంటికి, వ్యాపారం దగ్గరికి వస్తారు. ఇల్లు సర్దడం కాదు, నోట్‌బుక్ చూపించండి. వారం రోజులు చేత్తో రాసిన లెక్క చూస్తే వాళ్లడిగే ప్రశ్నలు సగానికి తగ్గిపోతాయి. "ఏం చేస్తావమ్మా ఈ డబ్బుతో?" అంటే "వ్యాపారం పెంచుతాను" అని ఊరుకోకండి. "ఇప్పుడు రోజుకు అరువు మీద పిండి తెస్తున్నాను, కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ పడుతోంది. గ్రైండరు కొంటే అది మిగులుతుంది" అని చెప్పండి. అంత స్పష్టంగా చెప్పలేకపోతే ఆ అప్పు మీకు ఇంకా అవసరం లేదేమో, మీరే ఆలోచించుకోండి.

గ్రూపు అప్పయితే నలుగురైదుగురు ఒకరికొకరు పూచీ. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు సర్దాలి. కాబట్టి చుట్టాలని, మొహమాటానికని ఎవరినీ కలుపుకోకండి. ఒకే రకం వ్యాపారం చేసేవాళ్లంతా ఒక గ్రూపులో ఉండటం కూడా మంచిది కాదు. ఐదుగురూ చేపలవాళ్లే అయితే వేట నిషేధంలో ఐదుగురికీ ఒకేసారి ఇబ్బంది, అప్పుడు ఎవరు ఎవరికి సర్దుతారు?

వేట మీద ఆధారపడినవాళ్లు ఈ దశలోనే అడగాల్సింది ఒకటుంది: ఏప్రిల్ నుంచి జూన్ వరకు వాయిదా తగ్గించి, మిగతా నెలల్లో పెంచుతారా అని. అన్ని సంస్థలూ ఒప్పుకోవు. లాభాపేక్ష లేని చిన్న సంస్థలు వినే అవకాశం ఎక్కువ. ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి, నోటిమాట ఆఫీసరు బదిలీ అయ్యేవరకే.

6. సంతకానికి ముందు వడ్డీ లెక్క

మనవాళ్లు వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటారు. సంస్థలు ఏడాదికి శాతంలో చెబుతాయి. మార్చుకోవడం తేలిక: రూపాయి వడ్డీ ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలు 24, మూడు రూపాయలు 36.

దొంగదెబ్బ తగిలేది ఫ్లాట్ రేటు దగ్గర. 20,000 అప్పు, 12 నెలలు తీసుకుని చూద్దాం. 24 శాతం తగ్గే బ్యాలెన్సు మీదైతే నెలకు 1,891, ఏడాది వడ్డీ 2,694. అదే 24 శాతం ఫ్లాట్ అయితే నెలకు 2,067, వడ్డీ 4,800. శాతం ఒకటే, కట్టేది దాదాపు రెండు వేలు ఎక్కువ. "మాది 12 శాతమేనండీ" అని ఎవరైనా నవ్వుతూ అంటే ఫ్లాటా అని అడగండి. ఫ్లాట్ 12 అంటే నిజానికి 21.5 దాకా పడుతుంది.

దీనికి ప్రాసెసింగ్ ఫీజు, బీమా ప్రీమియం కలపండి. ఇవన్నీ కలిసిన మొత్తం వార్షిక ఖర్చు ఎంతో ఒకే కాగితం మీద మీకర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆఫీసులో దాన్ని ఫ్యాక్ట్‌షీట్ అనో, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనో అంటారు. చిన్న సొసైటీకి ఆ నిబంధన నేరుగా వర్తించకపోయినా మీరు అదే అడగండి. ఒక పేజీ రాసివ్వలేని సంస్థ దగ్గర అప్పు వద్దు.

లెక్క సరిచూసుకునే పద్ధతి: వాయిదాను నెలలతో గుణించండి, అందులోంచి మీ ఖాతాలో నిజంగా పడబోయే డబ్బు తీసేయండి. వచ్చేది మీ అసలు ఖర్చు. రెండు సంస్థలను పోల్చాలంటే అప్పు, గడువు ఒకేలా పెట్టి ఈ ఒక్క అంకె పోల్చండి, శాతాలు పక్కన పెట్టండి.

మధ్యలో ఒక మాట: ముందు వీటికి అర్హులేమో చూడండి

సంస్థ అప్పు కంటే చవకైనవి ఉన్నాయి, చాలామంది వాటిని అడక్కుండానే ఇటొస్తారు. వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి ఉంది. 2020లో మొదలైన ఈ పథకంలో 2025లో మొత్తాలు పెంచారు: మొదటి విడత 15 వేలు, సమయానికి తీరిస్తే 25 వేలు, ఆ తర్వాత 50 వేలు. సక్రమంగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. జీవీఎంసీ యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగంలోనో, వార్డు సచివాలయంలోనో అడగండి. వీధి వ్యాపారుల సర్వేలో పేరు లేకపోతే సిఫార్సు లేఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

బ్యాంకులో ముద్ర శిశు అప్పు 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు), స్త్రీనిధి (సంఘాల మహిళలకు అప్పిచ్చే సహకార సంస్థ) ఉన్నాయి. ఇవి ఆలస్యమవుతాయన్న మాట నిజం. సీజన్‌కు ఇంకా రెండు నెలలుందంటే వీటికి ప్రయత్నించండి, రెండు వారాలే ఉంటే సంస్థ దగ్గరికెళ్లండి. రెండూ ఒకేసారి వస్తే మాత్రం ఒకటి వదులుకోవాలి.

7. డబ్బు పడిన రోజు

ఖాతాలో పడిన మొత్తం కాగితంలో రాసినదానికి సరిపోయిందో లేదో అదే రోజు చూడండి. తేడా ఉంటే అదే రోజు అడగండి. లోన్ కార్డు చేతికి రాకుండా ఇంటికి రాకండి, అందులో తెలుగులో వాయిదా తేదీలు ఉండాలి.

తర్వాత ఎవరికీ చెప్పకుండా ఒక వాయిదా డబ్బు పక్కన పెట్టేయండి. 20 వేలు వస్తే 18 వేలే వచ్చాయనుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో బండ్లు, రేకుల షాపులు ఎలా లేచిపోయాయో గుర్తున్నవాళ్లకు ఈ మాట మళ్లీ చెప్పక్కర్లేదు.

మిగతా డబ్బు కొటేషన్‌లో ఉన్నదానికే వాడండి, బిల్లు దాచండి. ఫీజు కట్టాలి, మేనరికం పెళ్లి ఉంది, ఆసుపత్రి ఖర్చు వచ్చింది అని మళ్లిస్తే వాయిదా కట్టడానికి కొత్త ఆదాయం పుట్టదు. అవసరం నిజమైనదే కావచ్చు. కానీ దానికి వ్యాపార అప్పు సరైన మందు కాదు, సంస్థతోనే చెప్పి వేరే అప్పు ఉందేమో అడగండి.

8. కట్టడం, కట్టలేకపోతే ఏం చేయాలి

ప్రతి వాయిదాకు రసీదు లేదా కార్డులో సంతకం. ఆఫీసరు సొంత ఫోన్‌పే నంబరుకు ఒక్క రూపాయి కూడా పంపకండి, ఎంత మంచివాడైనా సరే. గ్రూపు లీడరుకిచ్చి కట్టమన్నా ఫోటో రసీదు తెప్పించుకోండి.

మూడో నెల దాటాక మళ్లీ వారం రోజుల లెక్క రాయండి. పాత నోట్‌బుక్ పక్కన పెట్టి చూడండి. "చేతిలో నిలిచింది" అనే అంకె వాయిదా పోను కూడా పెరిగిందా? పెరిగితే అప్పు పనిచేస్తోంది. అంతే ఉంటే అప్పు కోసం మీరు పనిచేస్తున్నారు. తగ్గితే రెండో విడత ఇస్తామన్నా తీసుకోవద్దు, ముందు ఎక్కడ కారుతోందో చూడండి.

వాయిదా తప్పేలా ఉంటే తేదీ రాకముందే ఆఫీసుకెళ్లి చెప్పండి. ఫోన్ ఎత్తకుండా తిరగడం వల్లే చిన్న ఇబ్బంది పెద్ద గొడవ అవుతుంది. ఒక సంస్థ వాయిదా కట్టడానికి ఇంకో సంస్థలో తీసుకోవడం మాత్రం వద్దు. 2010లో మన రాష్ట్రం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చే దాకా వెళ్లిందంటే, ఒకే ఇంటికి నాలుగైదు సంస్థలు అప్పులిచ్చి వసూలుకు వెంటపడటం అందులో పెద్ద కారణం.

వసూలుకూ హద్దులున్నాయి. రిజర్వ్ బ్యాంకు కింద ఉన్న సంస్థల మనుషులు మైక్రోఫైనాన్స్ అప్పు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు, రాకూడదు. తిట్టడం, బెదిరించడం, చుట్టాలను ఇరుగుపొరుగును వేధించడం కుదరదు. జరిగితే తేదీ, టైము రాసుకుని ముందు సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా ఫిర్యాదు చేయాలో తెలుగులో చెబుతారు. బెదిరింపులైతే ఆగక్కర్లేదు, నేరుగా పోలీస్ స్టేషన్.

9. ఆఖరి వాయిదా తర్వాత

ఆఖరి వాయిదా కట్టి స్వీట్లు పంచి మర్చిపోవడం మామూలే. నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదనే పత్రం) తీసుకోండి, లోన్ కార్డు మీద "క్లోజ్డ్" అని ముద్ర వేయించుకోండి, సంతకం పెట్టిన ప్రామిసరీ నోట్లు, చెక్కులు ఏమైనా ఇచ్చి ఉంటే వెనక్కి తెచ్చుకోండి.

నెల, నెలన్నర ఆగి క్రెడిట్ రిపోర్టు మళ్లీ తీయండి. మొదట సిబిల్‌లో ఉచిత రిపోర్టు వాడేసి ఉంటే ఇప్పుడు ఈక్విఫ్యాక్స్‌లోనో, ఎక్స్‌పీరియన్‌లోనో తీయొచ్చు. అప్పు మూసినట్టు, బాకీ సున్నా అని ఉండాలి. లేకపోతే ఆ క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లోనే నో డ్యూస్ కాపీ పెట్టి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆ తర్వాత గడిచే ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకే పరిహారం ఇవ్వాలని నిబంధన. ఫిర్యాదు నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటేనే అది అడగగలరు.